ఊరి దారికి, పందెపు బాటకు ఒకే టైరు చాలునా?

హైదరాబాదులో మెహదీపట్నమునకు సమీపముననున్న గుడిమల్కాపూరు పూలబజారులో తెల్లవారకముందే సందడి మొదలగును. బంతి, చేమంతి, గులాబి గంపలు దిగుచుండగా రాలిన రేకులు, తడిసిన ఆకులు, చల్లిన నీరు కలిసి నేలను జారుడుగా చేయును. ఆ సందులలో కారు ప్రాకుచున్నట్లు పోవలసినదే. ఒకవైపు ఆటో అడ్డము వచ్చును. మరొకవైపు నెత్తిన గంపతో కూలి ఎదురగును. అడుగడుగున బ్రేకు త్రొక్కక తప్పదు.

అదే పేటలో నివసించు ఒక యువకుడు తన కారును ఒకనాడు పందెపు బాటపై, అనగా ట్రాకుపై, నడిపి చూడవలెనని చెన్నై దారి పట్టినాడనుకొనుడు. శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోటై వద్ద మద్రాసు మోటారు క్రీడల సంఘము వారి ట్రాకు కలదు. పూర్వము షోలవరము విమానాశ్రయపు బాటపై పందెములు నడిపిన ఆ సంఘమే 1990లో దీనిని ప్రారంభించినది. దీని చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు. అక్కడికి ఆ కారు 600 కిలోమీటర్లకు పైగా పోవలెను. ట్రాకుపై మధ్యాహ్నము వరకు గిరగిర తిరుగవలెను. తరువాత అవే చక్రములపై మరల 600 కిలోమీటర్లు వచ్చి, పూలబజారు తడి సందులో క్షేమముగ ఆగవలెను.

ఈ మూడు పనులకును ఒకే టైరు చాలునా? చాలినచో అది ఎట్టిదై ఉండవలెను? టైరు ఎంపికలో అసలు ప్రశ్న ఇదియే. ట్రాకుపై ఒక క్షణము మిగిల్చిన టైరు తిరుగుదారిలో వానకు జారినచో ఆ లాభమునకు విలువ లేదు.

నాలుగు అరచేతుల ఆధారము

కారు ఎంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు చిన్న రబ్బరు ముక్కలు మాత్రమే. 1,100 కిలోగ్రాముల కారులో ఒక్కొక్క చక్రముపై సుమారు 275 కిలోగ్రాముల బరువు పడును. టైరులో చదరపు అంగుళమునకు 32 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటిమీటరుకు సుమారు 2.25 కిలోగ్రాముల పీడనము ఉన్నదనుకొనుడు. పంక్చరు దుకాణములో “32 పెట్టు” అను మాటకు అర్థము ఇదియే. 275ను 2.25చే భాగించినచో 122 చదరపు సెంటిమీటర్లు వచ్చును. టైరు గోడల బిగువు వలన ఈ లెక్క కొంత మారినను, నేలను తాకు భాగము మనిషి అరచేతి పాటిదేయని దీనివలన తెలియును. వేగము పెంచుట, మలుపు తిరుగుట, ఆగుట, ఈ మూడును ఆ నాలుగు అరచేతుల పనియే.

రబ్బరు నేలను రెండు విధములుగ పట్టుకొనును. మొదటిది అంటు. రబ్బరు అణువులు రాతి ఉపరితలమునకు మిక్కిలి దగ్గరగ వచ్చి, క్షణకాలము అంటుకొని, విడిపోవును. నేల పొడిగ, శుభ్రముగ ఉన్నప్పుడే ఇది బాగుగ పనిచేయును. తడిసిన పూలరేకు మధ్యన చేరినచో ఈ బంధము తెగిపోవును.

రెండవది రబ్బరు యొక్క మందగమనము. తారురోడ్డులోని గరుకు కంకర మొనలు రబ్బరులోనికి దిగినపుడు అది నొక్కుకొనును. మొన దాటిపోయిన వెంటనే స్ప్రింగువలె తన పూర్వరూపమును పొందక, కొంత ఆలస్యము చేయును. అందుచేత కంకర ముందువైపున ఒత్తిడి ఎక్కువగను, వెనుకవైపున తక్కువగను ఉండును. ఈ భేదమే కారు జారకుండ నిలుపు బలము. ఇట్లు నొక్కుకొని లేచునపుడు రబ్బరు కొంత శక్తిని పోగొట్టుకొనును. ఆ శక్తియే వేడిగ మారును. పట్టు, వేడి అను రెండును కవలపిల్లల వంటివి. ఎక్కువ పట్టు కోరినవాడు ఎక్కువ వేడిని భరింపక తప్పదు.

ఈ పట్టును ఘర్షణ గుణకము అను సంఖ్యతో కొలుతురు. 50 మీటర్ల వ్యాసార్ధము గల చదునైన మలుపులో గుణకము 0.9 ఉన్న టైరుతో జారకుండ పోగల గరిష్ఠ వేగము గంటకు సుమారు 76 కిలోమీటర్లు. గుణకము 1.1 అయినచో అది 84 కిలోమీటర్ల వరకు పోవును. ఎనిమిది కిలోమీటర్ల తేడా వీధిలో పెద్దది కాదు. ట్రాకుపై ప్రతి మలుపులోను లభించునపుడు అదియే గెలుపును ఓటమిని నిర్ణయించును. మెత్తని, ఖరీదైన టైర్లపై పందెగాండ్రకు మోజు కలుగుటకు కారణమిది.

మెత్తన, గట్టితనము, వేడి

పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ దానిని గంధకముతో కలిపి వేడిచేసి ఈ దోషమును చాలవరకు పోగొట్టెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరును ఆచరణలోనికి తెచ్చెను. నేటి టైరులో సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరులు, కర్బన మసి, సిలికా, నూనెలు, గంధకము మున్నగునవి కలిసియుండును. ఈ పాళ్లను మార్చి తయారీదారు ఒక టైరును మెత్తగను, మరొక దానిని గట్టిగను చేయును.

ఏ మిశ్రమమునకైనను తనకు అనుకూలమైన ఉష్ణోగ్రత ఒకటి ఉండును. అంతకు తక్కువైనచో అది బిగిసి కంకరలోనికి దిగదు. మించినచో మరీ మెత్తబడి జారును, ఊడివచ్చును. వీధి టైరు చల్లగనున్నప్పుడు కూడ పట్టునట్లు తయారగును. హైదరాబాదులో డిసెంబరు ఉదయపు చలిలో ఇంటినుండి బయలుదేరిన మొదటి నిమిషముననే బ్రేకు పడవలెను గదా! పందెపు టైరు సంగతి వేరు. దాని మిశ్రమము సుమారు 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కిన తరువాతనే తన బలమును చూపును. అంత వేడి ట్రాకుపై ఒకటి రెండు చుట్లలో వచ్చును గాని పూలబజారు సందులో ఎన్నడును రాదు. అందుచేత ట్రాకుపై రాజువంటి టైరు ఊరి వీధిలో సామాన్యపు టైరుకంటె తక్కువ పట్టు చూపవచ్చును.

వీధి టైరును ట్రాకుపైకి కొనిపోయినపుడు ఇందుకు విరుద్ధమైన చిక్కు వచ్చును. 1,100 కిలోగ్రాముల కారు గంటకు 150 కిలోమీటర్ల వేగమునుండి 60కి తగ్గునపుడు సుమారు 8 లక్షల జౌళ్ల శక్తిని వదలును. రెండు లీటర్లకు పైగ నీటిని 20 డిగ్రీలనుండి మరుగు స్థితికి తెచ్చుటకు ఇది చాలును. ఇందులో అధికభాగము బ్రేకు బిళ్లలకు పోయినను, కొంత టైరును చేరును. బ్రేకుల వేడి రిమ్ము గుండ కూడ టైరునకు ప్రాకును. దానికి తోడు కొత్త వీధి టైరు ట్రెడ్డు దిమ్మలు ఎత్తుగ ఉండి, మలుపులో అటునిటు ఊగి లోపల ఇంకను వేడెక్కును. పది నిమిషములలో పట్టు సడలును, స్టీరింగు మెత్తబడినట్లు తోచును. అప్పుడు వేగము తగ్గించి టైరును చల్లార్చక నడిపినచో దిమ్మల అంచులు పెళ్లలుగ లేచిపోవును.

ఇట్లు కాగి చల్లారు ప్రతి పర్యాయము రబ్బరు కొంత గట్టిపడును. ట్రాకుపై అనేక దినములు తిరిగిన టైరుకు గాడులు లోతుగనే కనబడినను పట్టు మునుపటివలె ఉండదు. కంటికి కనబడని ఈ ముసలితనము వానదినమున బయటపడును.

నీటి పరీక్ష

205 మిల్లీమీటర్ల వెడల్పు గల టైరు 3 మిల్లీమీటర్ల లోతు నీటిలో గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు సెకనుకు 13 లీటర్లకు పైగ నీటిని ప్రక్కలకు నెట్టవలెను. అనగా ఒక్కొక్క సెకనుకు ఒక బిందెడు నీరు! గాడులున్నది ఈ పనికే. అవి చాలనిచో నీరు టైరు క్రింద ఆప వలె చేరి చక్రమును పైకెత్తును. అప్పుడు స్టీరింగు తిప్పినను, బ్రేకు త్రొక్కినను ఫలము లేదు.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా శాస్త్రజ్ఞులు విమానముల టైర్లపై పరిశోధన జరిపి 1963లో దీనికొక సూత్రమును ప్రకటించిరి. నీరు నిలిచిన నేలపై టైరు తేలిపోవు వేగము దాని గాలి పీడనపు వర్గమూలముననుసరించి ఉండునని దాని సారాంశము. 32 పౌండ్ల గాలిగల నునుపైన టైరునకు ఈ వేగము గంటకు సుమారు 94 కిలోమీటర్లు. లోతైన గాడులు ఈ ప్రమాదమును దూరము చేయును. గాలి తగ్గుట దానిని దగ్గర చేయును. మన దేశములో కారు టైరునకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. గాడుల అడుగున ఆ ఎత్తున చిన్న గట్టులు ఉండును. ట్రెడ్డు అరిగి ఆ గట్టులతో సమమైనచో టైరు ఆయువు తీరినదని గ్రహింపవలెను.

హుస్సేన్ సాగరు తీరపు పాఠము

వానకు, ఎండకు ఒకే టైరు వాడు పందెమొకటి హైదరాబాదు నగరముననే జరిగినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు చెంత నగర వీధులనే ట్రాకుగ మార్చి, విద్యుత్ కార్ల ప్రపంచ పోటీయైన ఫార్ములా ఈ పందెమును నడిపిరి. ట్రాకు పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ కార్లకు దక్షిణ కొరియాకు చెందిన హాంకూక్ సంస్థ టైర్లు అమర్చబడినవి. ఇతర పందెములలో పొడినేలకు గాడులు లేని నున్నని స్లిక్కు టైర్లు, వానకు వేరు టైర్లు వాడుట పరిపాటి. ఈ పోటీలో గాడులు గల ఒకే రకపు టైరు ఎండకును వానకును పనిచేయవలెను. పొడినేలపై కొంత పట్టును వదలుకొనియైనను అన్ని స్థితులలో పనికివచ్చు టైరు మేలని దాని నిర్వాహకులు తలచిరన్నమాట.

ఆ టైరు పందెము కొరకే చేసినది. ఊరిలో వాడునది కాదు. కాని దాని వెనుకనున్న ఆలోచన మన యువకునకు సరిగ పనికివచ్చును. ఒకే జత కొనువాడు అత్యధిక పట్టును గాక, అన్ని చోట్ల చాలినంత పట్టును వెదకవలెను.

పక్కగోడపై నున్న జాతకము

టైరు పక్కగోడపై దాని జాతకమంతయు వ్రాసియుండును. 205/55 ఆర్ 16 91 వి అని ఉన్నదనుకొనుడు. 205 వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అనగా పక్కగోడ ఎత్తు వెడల్పులో నూటికి 55 వంతులు, సుమారు 113 మిల్లీమీటర్లు. ఆర్ అనునది రేడియల్ నిర్మాణమును, 16 రిమ్ము వ్యాసమును అంగుళములలో తెలుపును. 91 భారసూచిక, ఈ టైరు 615 కిలోగ్రాములు మోయగలదు. వి అనునది గంటకు 240 కిలోమీటర్ల వేగమునకు గుర్తు. హెచ్ అయినచో 210, డబ్ల్యు అయినచో 270. ఇవి టైరు ఓర్పునకు హద్దులే గాని రోడ్డుపై అంత వేగముగ పోవుటకు అనుమతులు కావు. కారు తయారీదారు చెప్పిన భారసూచికకు, వేగపు గుర్తుకు తక్కువైన టైరును ఎన్నడును కొనరాదు.

నాలుగంకెల తేది కూడ ఉండును. 2324 అనిన 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. దుకాణములో ఏండ్ల తరబడి పడియున్న టైరు తక్కువ ధరకు దొరికినను ట్రాకు పనికి తగదు.

కొన్ని టైర్లపై అమెరికా ప్రభుత్వ నియమము ననుసరించి అరుగుదల అంకె ముద్రించియుండును. 200 అను అంకె గల టైరు నిర్ణీత పరీక్షామార్గముపై 100 అంకె గల దానికంటె రెండింతలు మన్నునని భావము. సామాన్యముగ అంకె తగ్గినకొలది రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయువు తక్కువ. కాని ఈ అంకెను ఇచ్చుకొనునది తయారీదారే. కనుక ఒక సంస్థ 200ను మరొక సంస్థ 200తో సరిపోల్చుట అంత క్షేమము కాదు. పైగా అది అరుగుదల కొలతయే గాని పట్టు కొలత కాదు.

ఏది కొనవలెను?

ఈ దృష్టితో టైర్లను నాలుగు తరగతులుగ చూడవచ్చును. మొదటిది సామాన్యపు టైరు. ఇది దీర్ఘాయువు, మైలేజి కొరకు చేసినది. ట్రాకుపై త్వరగ వేడెక్కి అంచులు చెడును. రెండవది అధిక పట్టు గల వీధి టైరు. దీని మిశ్రమము మెత్తన, పక్కగోడ బిగువు, అయినను గాడులు లోతైనవి. మూడవది ట్రాకు వైపు మొగ్గిన వీధి టైరు. 200 అంకె దరిదాపుల నుండు ఈ జాతికి గాడులు తక్కువ, వేడికి ఓర్పు ఎక్కువ. నిలిచిన నీటిలో బలహీనము. నాలుగవది స్లిక్కు. ఇది ట్రాకునకే పరిమితము; రోడ్డుపై వాడరాదు.

ఏడాదికి ఒకటి రెండు దినములు ట్రాకుపై తిరిగి, అవే చక్రములపై ఇంటికి రావలసినవానికి రెండవ తరగతియే తగినది. దీనికి మరియొక కారణము కూడ కలదు. ఈ టైర్లు జారబోవునపుడు ముందుగ కీచుమని అరచి, క్రమక్రమముగ పట్టు వదలును. నేర్చుకొనువానికి ఆ అరుపే గురువు. మిక్కిలి పట్టు గల టైరు ఎక్కువ వేగమువరకు మౌనముగ నిలిచి, తరచు ఒక్కసారిగ వదలును. అప్పుడు సరిదిద్దుకొనుటకు వ్యవధి ఉండదు. అది బ్రేకులపై, బేరింగులపై కూడ అధిక భారము మోపును.

తరచుగ ట్రాకునకు పోవువాడు మూడవ తరగతి టైర్లను వేరొక జత రిమ్ములపై బిగించి యుంచుకొనుట మంచిది. ట్రాకు చేరిన తరువాత వాటిని మార్చి, పని ముగియగనే తీసివేయవలెను. రెండు జతలనగానే ఖర్చు కనబడును గాని, వీధి టైర్లు ట్రాకుపై అరుగకుండుట వలన అందులో కొంత తిరిగి వచ్చును. ఎట్లైనను నాలుగు చక్రములకు ఒకే రకపు టైర్లుండవలెను. ముందు రెండింటికే మంచివి వేసి, వెనుక అరిగినవి ఉంచినచో మలుపులో కారు వెనుకభాగము తిరిగిపోవును.

గాలి లెక్కలో దాగిన ప్రమాదము

ట్రాకుపై టైరు వేడెక్కగనే లోపలి గాలి వ్యాకోచింప జూచును. 30 డిగ్రీల వద్ద 32 పౌండ్లు పెట్టిన గాలి 80 డిగ్రీలకు కాగినపుడు వాయు నియమము ప్రకారము సుమారు 40 పౌండ్లగును. అంత బిగిసిన టైరు నడుమ ఉబ్బి, నేలను తాకు భాగము తగ్గును. అందుచేత ట్రాకుపై నడుపువారు వేడిమీదనే కొంత గాలి వదలి, ఉదాహరణకు 34 పౌండ్లకు తెత్తురు. ఇంతవరకు సబబే.

కాని అసలు ప్రమాదము తరువాత వచ్చును. సాయంకాలమునకు టైరు మరల 30 డిగ్రీలకు చల్లారినచో ఆ 34 పౌండ్లు 27కు దిగిపోవును. యజమాని అలసటతో ఈ సంగతి మరచి, సామానులతో కారు నింపి రాత్రివేళ నెల్లూరు, ఒంగోలు మీదుగ హైదరాబాదునకు బయలుదేరినాడనుకొనుడు. తక్కువ గాలి వలన పక్కగోడలు ప్రతి చుట్టులోను ఎక్కువగ వంగి, గంటలకొలది వేడెక్కును. ట్రాకుపై అదివరకే కాగిన టైరునకు ఇది రెండవ దెబ్బ. దారిలో వాన కురిసినచో, ఇందాకటి సూత్రము ప్రకారము గాలి తగ్గిన టైరు నీటిపై మరింత త్వరగ తేలును. ట్రాకుపై నిలిచిన టైరు రోడ్డుపై విఫలమగుటకు ఇది ముఖ్యమైన కారణములలో ఒకటి. నత్రజని నింపినను ఈ లెక్క తప్పదు. అదియు వాయువే గదా!

కనుక ఇంటిదారి పట్టుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. టైర్లు పూర్తిగ చల్లారిన పిదప గాలిని కారు తయారీదారు చెప్పిన అంకెకు తేవలెను. ట్రెడ్డును చేతితో తడిమి బుడగలు, పగుళ్లు, ఊడిన పెళ్లలు ఉన్నవేమో చూడవలెను. పక్కగోడల లోపలివైపును దీపముతో పరిశీలింపవలెను. చక్రపు నట్ల బిగువును కొలత గల స్పానరుతో సరిచూడవలెను. బయటి అంచు మాత్రమే అరిగినచో చక్రముల వాలు సరిచేయించవలెను. అనుమానము కలిగిన టైరుతో రాత్రి ప్రయాణమునకు సాహసింపరాదు.

ఇంకొకటి. మన దేశములో సామాన్యమైన మోటారు బీమా పందెములలోను, వేగ పరీక్షలలోను జరిగిన నష్టమును భరింపదు. ఈ సంగతి ముందుగనే తెలిసికొని ట్రాకునకు పోవుట వివేకము. వేగమును పరీక్షింప కోరువానికి తగిన చోటు ట్రాకు మాత్రమే. నగరపు బాహ్యవలయ రహదారి ఎంత నున్నగ నున్నను అది ఇతరులు కూడ తమ పిల్లలతో పోవు బాట.

మంచి టైరు అనునది ట్రాకుపై గడియారము చెప్పు మాటతో తేలునది కాదు. 1,200 కిలోమీటర్ల రాకపోకలు, ట్రాకుపై కాగిన చుట్లు అన్నియు ముగిసిన మరునాటి ఉదయమున, గుడిమల్కాపూరు సందులో తడి రేకులపై గంప మోయు మనిషి హఠాత్తుగ అడ్డము వచ్చినపుడు కారు ఆగెనా లేదా అన్నదే దాని కడపటి పరీక్ష. నాలుగు అరచేతుల రబ్బరును ఎన్నుకొనువాడు ముందు ఆ మనిషిని తలచుకొని, తరువాత ట్రాకును తలచుకొనవలెను.